వకీలుతో పేచీ వస్తే: బార్ కౌన్సిల్ చేసేదేంటి, మీరు చేసుకోవాల్సిందేంటి

వకీలు మీద ఫిర్యాదు రాసేవాళ్లు సాధారణంగా ఒకే కాగితంలో మూడు కోరికలు పెడతారు: ఆయన మీద చర్య తీసుకోండి, నేనిచ్చిన డబ్బు వాపసు ఇప్పించండి, కొట్టేసిన కేసు మళ్లీ తెరిపించండి. ఈ మూడింట్లో బార్ కౌన్సిల్ చేతిలో ఉన్నది మొదటిదొక్కటే. డబ్బుకు దారి వేరు. కేసు తెరిపించేది ఆ కేసు నడిచిన కోర్టే, దానికి గడువు రోజుల్లో ఉంటుంది. ఫిర్యాదు మీద ఆశ పెట్టుకుని ఆ గడువు దాటబెట్టుకున్నవాళ్లకు, చివరికి వకీలుకు శిక్ష పడినా పోయిన ఇల్లు పోయినట్టే. అందుకే ముందు కేసు, తర్వాత ఫిర్యాదు.

కౌన్సిల్ వేరు, అసోసియేషన్ వేరు

హైదరాబాద్‌లో ప్రతి కోర్టు ఆవరణలోనూ ఒక బార్ అసోసియేషన్ ఉంటుంది. సిటీ సివిల్ కోర్టుకు, నాంపల్లి క్రిమినల్ కోర్టులకు, సికింద్రాబాద్‌కు, ఎల్బీనగర్ రంగారెడ్డి కోర్టులకు, హైకోర్టుకు ఎవరి సంఘం వాళ్లది. అవి వకీళ్లు తమకోసం పెట్టుకున్న సంఘాలు. కూర్చునే హాలు, లైబ్రరీ, ఎన్నికలు, అప్పుడప్పుడు బాయ్‌కాట్ పిలుపులు వాటి పని. ఒక వకీలు సనదు (ప్రాక్టీసు చేసే అనుమతి) రద్దు చేసే అధికారం వాటికి లేదు. అసోసియేషన్ అధ్యక్షుడు పెద్దమనిషి తరహాలో ఇద్దరినీ కూర్చోబెట్టి మాట్లాడితే ఫైలు చేతికి రావచ్చు, అది కూడా ఉపయోగమే. కానీ అక్కడిచ్చిన అర్జీని చట్టం ఫిర్యాదుగా చూడదు.

బార్ కౌన్సిల్ 1961 నాటి అడ్వకేట్స్ చట్టం కింద ఏర్పడిన సంస్థ. రాష్ట్రంలోని వకీళ్లే ఓటేసి సభ్యులను ఎన్నుకుంటారు. తెలంగాణలో ఎన్నికైన సభ్యులు 25 మంది, అడ్వకేట్ జనరల్ హోదా రీత్యా సభ్యుడు. ఆఫీసు హైకోర్టు ఆవరణలోనే. కొత్త వకీళ్ల పేర్లు రోల్‌లో (వకీళ్ల జాబితాలో) ఎక్కించడం, తప్పు చేసినవాళ్లపై విచారణ జరపడం, వకీళ్ల హక్కులు, సంక్షేమం చూడడం దాని బాధ్యతలు. వకీళ్లు ఎన్నుకున్నవాళ్లే వకీళ్ల మీద తీర్పు చెబుతారా అని అనుమానం రావడం సహజం. అందుకే పైన ఢిల్లీలో బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా, దానిపైన సుప్రీంకోర్టు అప్పీలు మెట్లుగా ఉన్నాయి.

ముందు కేసు ఎక్కడుందో తెలుసుకోండి

ఈ-కోర్ట్స్ యాప్‌లో 16 అక్షరాల సీఎన్ఆర్ నంబరు (ప్రతి కేసుకూ విడిగా ఉండే గుర్తు) కొడితే కేసు చరిత్ర మొత్తం వస్తుంది. ఆ నంబరు లేకపోతే కేసు నంబరుతోనో, పార్టీ పేరుతోనో వెతకొచ్చు. పేరుతో వెతికేటప్పుడు స్పెల్లింగు తేడా వస్తే ఏమీ కనపడదు. ఇంటిపేరు వదిలేసి అసలు పేరులో మొదటి నాలుగైదు అక్షరాలు కొట్టి చూడండి. కోర్టు కాంప్లెక్స్ తప్పుగా ఎంచుకున్నా అంతే. పురానీ హవేలీ సిటీ సివిల్ కోర్టులో ఉన్న కేసును సికింద్రాబాద్ కింద వెతికితే రికార్డు లేదంటుంది, దాంతో వకీలు అసలు కేసే వేయలేదని జనం హడలిపోతారు.

నిజంగానే నంబరు పడకుండా ఉండిపోయే కేసులూ ఉన్నాయి. ఇక్కడి కోర్టుల్లో కేసు దాఖలు చేయగానే ముందు ఎస్ఆర్ నంబరు (కాగితాలు అందినట్టు చూపే నంబరు) పడుతుంది. కాగితాల్లో లోపాలుంటే ఆఫీసు ఆబ్జెక్షన్ రాసి రిటర్న్ చేస్తుంది. ఇచ్చిన గడువులో సరిచేసి రీప్రజెంట్ చేస్తేనే (మళ్లీ దాఖలు చేస్తేనే) సివిల్ దావాకు ఓఎస్ నంబరో, క్రిమినల్ కేసుకు సీసీ నంబరో వస్తుంది. రిటర్న్ అయిన కట్ట వకీలు గారి బీరువాలో ఏళ్ల తరబడి పడి ఉండగా, పార్టీ మాత్రం కేసు నడుస్తోందనే నమ్మకంతో ఉంటాడు. కాబట్టి "కేసు వేశాం" అన్న మాట దగ్గర ఆగకండి. ఎస్ఆర్ నంబరెంత, కేసు నంబరెంత అని రెండూ అడగండి.

కేసు డిఫాల్ట్‌లో కొట్టేశారనో, ఎక్స్‌పార్టీ డిక్రీ (ప్రతివాది రాలేదని ఒక పక్షాన్నే విని ఇచ్చిన తీర్పు) అయిందనో తెలిస్తే ఆరోజే సర్టిఫైడ్ కాపీకి సీఏ (కాపీ కోసం అర్జీ) వేయండి. వాది రాలేదని దావా కొట్టేస్తే తిరిగి తెరిపించుకునే పిటిషన్‌కు గడువు 30 రోజులు. ఎక్స్‌పార్టీ డిక్రీ రద్దుకూ 30 రోజులే. సమన్లు సరిగా అందకపోతే మాత్రం డిక్రీ సంగతి తెలిసిన రోజు నుంచి లెక్క. అప్పీలుకు జిల్లా కోర్టులోనైతే 30 రోజులు, హైకోర్టులోనైతే 90. అప్పీలు గడువు లెక్కలో సర్టిఫైడ్ కాపీ తయారీకి పట్టిన సమయం తీసేస్తారు, అందుకే సీఏ వేసిన తేదీ, కాపీ సిద్ధమైన తేదీ ఆ కాపీ మీదే ముద్ర వేస్తారు. సిద్ధమయ్యాక మీరు వెళ్లి తెచ్చుకోకుండా ఊరుకున్న రోజులు మీ ఖాతాలోనే పడతాయి.

గడువు దాటితే ఆలస్యం మాఫీకి ఇంకో పిటిషన్ వేయాలి. వకీలు తప్పుకు పార్టీ బలి కాకూడదని సుప్రీంకోర్టు 1981లోనే చెప్పింది. అలాగని ఆ ఒక్క మాట మీదే ఆధారపడొద్దు. "మరి ఇన్నాళ్లూ మీరేం చేశారు, ఒక్కసారైనా కనుక్కున్నారా" అని కోర్టులు అడుగుతున్నాయి. మీరు పెట్టిన వాట్సాప్ మెసేజీలు, చేసిన ఫోన్ల వివరాలు, వకీలు "వాయిదా పడింది" అని ఇచ్చిన జవాబులు ఇక్కడే అక్కరకొస్తాయి. వాటిని చెరిపేయకండి, ఫోన్ మార్చే ముందు ప్రింటు తీసుకోండి.

వకాలత్ మార్చడం

పాత వకీలు ఉండగా కొత్త వకీలు నేరుగా వకాలత్ (మీ తరఫున కేసు నడిపే అధికారపత్రం) వేయడానికి బార్ కౌన్సిల్ నిబంధనలు ఒప్పుకోవు. పాతాయన సమ్మతి కావాలి. మామూలుగా అయితే కొత్త వకాలత్ మీదే ఆయన "నో అబ్జెక్షన్" అని రాసి సంతకం పెడతారు, అక్కడితో పని అయిపోతుంది. ఫీజు బాకీ ఉందనో, కోపంతోనో ఆయన సంతకం పెట్టకపోతే కేసు ఆగిపోనక్కర్లేదు. సమ్మతి ఎందుకు రాలేదో కారణం చెబుతూ కోర్టులో పిటిషన్ వేయాలి, కోర్టు అనుమతితో కొత్తాయన హాజరవుతారు. పిటిషన్‌కు ముందు పాతాయనకు స్పీడ్ పోస్టులో, అందినట్టు రసీదు తిరిగొచ్చేలా ఒక చిన్న ఉత్తరం పంపండి: ఫలానా నంబరు కేసులో మీ వకాలత్ రద్దు చేసుకుంటున్నాను, వారం రోజుల్లో నో అబ్జెక్షన్, కేసు కాగితాలు ఇవ్వండి. రెండు వాక్యాలు చాలు. తిట్లు రాస్తే ఆ ఉత్తరమే రేపు మీకు ఎదురు తిరుగుతుంది.

"బాకీ కట్టేదాకా ఫైలు ఇవ్వను" అనే మాట చాలా చోట్ల వినిపిస్తుంది. 2000లో సుప్రీంకోర్టు దీన్ని తేల్చేసింది: ఫీజు బాకీ పేరుతో కక్షిదారు కాగితాలు ఆపి ఉంచుకునే హక్కు వకీలుకు లేదు. బాకీ ఉంటే ఆయన దావా వేసుకోవచ్చు. అడిగాక కూడా ఫైలు ఆపితే అది దుష్ప్రవర్తన కిందికి వస్తుంది. ఆ ఫిర్యాదు నిరూపించడమూ తేలిక: మీ ఉత్తరం, అందిన రసీదు, రాని ఫైలు.

ఏది ఫిర్యాదు అవుతుంది

కేసు ఓడిపోవడం ఫిర్యాదు కాదు. సాక్షిని మీరనుకున్న ప్రశ్న అడగకపోవడం, రాజీ పడమని సలహా ఇవ్వడం కూడా కాదు. ఎదుటి పక్షం వకీలు తన క్లయింటు తరఫున గట్టిగా వాదించాడని ఆయన మీద రాసే ఫిర్యాదులకు అసలు నిలబడే బలం ఉండదు. వకీలు మీద ఫిర్యాదుకు సాధారణంగా అతనికీ ఫిర్యాదుదారుకూ వృత్తిపరమైన సంబంధం ఉండాలని 2025లో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పి, అలాంటి ఫిర్యాదును పట్టించుకున్న ఒక రాష్ట్ర కౌన్సిల్‌కు 50,000 రూపాయల ఖర్చులు కూడా వేసింది.

నిలబడేవి ఇవి: కోర్టు ఫీజుకని తీసుకున్న డబ్బు కట్టకపోవడం, కోర్టు ద్వారా వచ్చిన పరిహారం మీకు చేర్చకుండా వాడుకోవడం, లేని ఆర్డరు ఉందని నమ్మించడం, మీ సంతకం మీకు తెలియకుండా వాడడం, రెండు పక్షాల తరఫునా పని చేయడం, చెప్పాపెట్టకుండా కేసు వదిలేయడం. ఇంకొకటి, జనం తప్పని అనుకోనిది: గెలిస్తే ఇంత శాతం అన్న ఒప్పందం. రోడ్డు ప్రమాదాల పరిహారం కేసుల్లో (ఎంవీఓపీ), శివార్ల భూమి తగాదాల్లో "ఇప్పుడు రూపాయి వద్దు, వచ్చినదాంట్లో పర్సెంటేజీ" అనే మాట బాగా చెలామణిలో ఉంది. ఫలితం మీద ఆధారపడే ఫీజు, వచ్చిన ఆస్తిలో వాటా, రెండూ వృత్తి నిబంధనలకు విరుద్ధం. పేదవాడికి వేరే దారేదని వకీళ్లు అడిగే ప్రశ్నలో న్యాయం లేకపోలేదు, కానీ ప్రమాదంలో కాలు పోయినవాడి పరిహారంలో మూడో వంతు ఎక్కడికి పోయిందో చెప్పే కాగితమే ఉండదు. అలాంటి ఒప్పందం చేసుకునే బదులు ఉచిత న్యాయ సహాయం అడగండి, దాని సంగతి చివర్లో ఉంది.

వకీలు గారు "జడ్జి గారికి ఇవ్వాలి" అని డబ్బు అడిగితే బార్ కౌన్సిల్‌కు మాత్రమే రాసి ఊరుకోకండి. అవినీతి నిరోధక శాఖ (ఏసీబీ) నంబరు 1064. ఇచ్చాక చేసే ఫిర్యాదు కన్నా, అడిగినప్పుడు చేసే ఫిర్యాదుకు విలువ ఎక్కువ.

ఫిర్యాదు రాయడం

తెలుగులో రాయొచ్చు. రాష్ట్ర భాషలో ఫిర్యాదు ఇవ్వొచ్చని నిబంధనల్లోనే ఉంది. ఢిల్లీకి పంపాల్సి వస్తే ఇంగ్లీషులోకి మార్పించే పని కౌన్సిల్‌దే. మామూలు ఉత్తరంలా మాత్రం కుదరదు. పిటిషన్ రూపంలో ఉండాలి, సంతకం ఉండాలి, సివిల్ ప్రొసీజర్ కోడ్ చెప్పినట్టు వెరిఫికేషన్ ఉండాలి.

పైన కౌన్సిల్ పేరు, తర్వాత మీ పూర్తి పేరు, చిరునామా, ఆ కింద వకీలు పేరు, ఎన్‌రోల్‌మెంట్ నంబరు, చిరునామా. ఎన్‌రోల్‌మెంట్ నంబరు ఎక్కడా దొరకడం లేదంటారు చాలామంది. మీ కేసులో ఆయన వేసిన వకాలత్ తీసి చూడండి, సంతకం దగ్గర ఉంటుంది. రాష్ట్రం గుర్తు అక్షరాలు, వరుస సంఖ్య, సంవత్సరం. వకాలత్‌కు కూడా సర్టిఫైడ్ కాపీ తీసుకోవచ్చు. ఆ నంబరు మీద రోల్‌లో వేరే పేరు ఉందని తేలితే సంగతి మారిపోతుంది: ఎన్‌రోల్ కాకుండా వకీలుగా చలామణి కావడం ఆరు నెలల దాకా జైలు పడే నేరం, దానికి పోలీసు స్టేషన్‌కు వెళ్లాలి. వకీలు కానివాడి మీద కౌన్సిల్ క్రమశిక్షణ విచారణ జరపలేదు.

తర్వాత జరిగినదంతా తేదీల వారీగా, పేరాకు ఒక విషయం చొప్పున, పేరాలకు నంబర్లు వేసి రాయండి. "నన్ను నమ్మించి గొంతు కోశాడు, లక్షలు మింగాడు" అని రాస్తే చదివేవాళ్లకు మీ బాధ అర్థమవుతుంది, విచారించడానికి మాత్రం ఏమీ దొరకదు. అదే విషయం ఇలా రాయండి: "2023 మార్చి 14న కోర్టు ఫీజు కోసం 42,000 రూపాయలు ఫోన్‌పే ద్వారా పంపాను, స్టేట్‌మెంట్ అనుబంధం 3. 2024 జనవరి 8న కోర్టులో కనుక్కుంటే కోర్టు ఫీజు కట్టనందున ప్లెయింట్ రిటర్న్ అయిందని తెలిసింది, కాపీ అనుబంధం 4." ఒక పేరా, రెండు తేదీలు, రెండు కాగితాలు. వకీలు జవాబు చెప్పక తప్పని పేరా అది. నగదుగా ఇచ్చి రసీదు లేకపోతే ఆ రోజు బ్యాంకు నుంచి తీసిన వివరం, పక్కనున్న మనిషి పేరు, తర్వాత నడిచిన మెసేజీ, ఏది ఉంటే అది పెట్టండి.

చివర వెరిఫికేషన్: ఏ నంబరు పేరాలు మీకు స్వయంగా తెలిసినవి, ఏవి ఇతరుల ద్వారా తెలిసి నిజమని నమ్ముతున్నవి అని విడివిడిగా చెప్పి, ఊరు, తేదీ వేసి సంతకం పెట్టాలి. దాంతో పాటు అఫిడవిట్. "పైవన్నీ నిజం" అని ఒక్క ముక్కలో తేల్చేయడం, చివరి పేజీలో మాత్రమే సంతకం పెట్టడం, అనుబంధాలకు నంబర్లు వేయకపోవడం వల్ల ఫిర్యాదులు మొదటి మెట్టులోనే వెనక్కి వస్తుంటాయి. ఫీజు కట్టాలి, వకీలుకు పంపడానికీ సభ్యులకూ అదనపు కాపీలు ఇవ్వాలి. అప్పటికి అమలులో ఉన్న ఫీజెంత, ఎన్ని సెట్లు అన్నది ఆఫీసు కౌంటర్లో కనుక్కున్నాకే జిరాక్స్‌కు వెళ్లండి. ఒరిజినల్స్ ఇవ్వకండి. మీ దగ్గరుంచుకునే సెట్టు మీద అందినట్టు ముద్ర, తేదీ వేయించుకోండి. ఆ తేదీతో తర్వాత పనుంది.

ఇచ్చిన తర్వాత

కౌన్సిల్ ముందుగా వకీలు వివరణ అడుగుతుంది. అది చూసి, దుష్ప్రవర్తన జరిగిందని నమ్మడానికి కారణం ఉందనుకుంటేనే అడ్వకేట్స్ చట్టం 35వ సెక్షన్ కింద క్రమశిక్షణ కమిటీకి పంపుతుంది. లేదనుకుంటే అక్కడే మూసేస్తుంది. మూసేస్తే 48ఏ సెక్షన్ కింద బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాకు రివిజన్ (ఆ నిర్ణయాన్ని మళ్లీ పరిశీలించమనే అర్జీ) వేసుకోవచ్చు. ఈ సెక్షన్ సంగతి చాలామందికి తెలియదు.

కమిటీలో ముగ్గురుంటారు: కౌన్సిల్ సభ్యులు ఇద్దరు, బయటి సీనియర్ వకీలు ఒకరు. సాక్షులను పిలిపించే, కాగితాలు తెప్పించే అధికారాలు సివిల్ కోర్టుకున్నట్టే దానికీ ఉంటాయి. మీరు బోనెక్కినట్టే సాక్ష్యం చెప్పాలి, అవతలి వకీలు క్రాస్ చేస్తారు (ఎదురు ప్రశ్నలు వేస్తారు). ఒకరి జీవనాధారం తీసేసే విచారణ కనుక రుజువు గట్టిగా ఉండాలి, అనుమానం మిగిలితే లాభం వకీలుకే పోతుంది. పిలిచిన తేదీకి వెళ్లకపోతే మీరు లేకుండానే విచారణ ముందుకు పోవచ్చు.

మధ్యలో రాజీ కుదిరి, "ఫిర్యాదు వాపసు తీసుకుంటున్నా" అని మీరు రాసిచ్చినా, ఆ ఒక్క కారణంతో విచారణ ఆపకూడదని నిబంధన. డబ్బు రాబట్టే బేరానికి ఫిర్యాదును వాడుకుందామనుకునేవాళ్లు ఇది ముందే తెలుసుకోవాలి. ఒకసారి లోపలికి వెళ్లాక అది మీ చేతిలో ఉండదు.

కమిటీ ఫిర్యాదు కొట్టేయొచ్చు, మందలించొచ్చు, కొంతకాలం సస్పెండ్ చేయొచ్చు, రోల్ నుంచి పేరు తీసేయొచ్చు. విచారణ ఖర్చుల మీద ఆర్డరు వేయొచ్చు. ఆర్డరు అందిన 60 రోజుల్లో ఎవరైనా బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాకు, అక్కడి ఆర్డరు మీద మళ్లీ 60 రోజుల్లో సుప్రీంకోర్టుకు అప్పీలు వెళ్లొచ్చు. ఫిర్యాదు అందిన ఏడాదిలోగా రాష్ట్ర కమిటీ తేల్చకపోతే 36బీ సెక్షన్ ప్రకారం కేసు ఢిల్లీకి బదిలీ అవుతుంది. ముద్ర వేయించుకున్న తేదీ ఇక్కడ పనికొస్తుంది. ఏడాది నిండినా కదలిక లేకపోతే ఆ సెక్షన్ పేరు చెప్పి ఒక ఉత్తరం రాయండి.

డబ్బు సంగతి

వినియోగదారుల కమిషన్ తలుపు మూసుకుపోయింది. వకీలు సేవ వినియోగదారుల రక్షణ చట్టం కిందికి రాదని 2024 మే 14న సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. ఇంకా ఆ దారి చూపించేవాళ్లు కనిపిస్తే పాత సమాచారం అనుకోండి. ఇచ్చిన డబ్బు రావాలంటే సివిల్ దావా. అప్పగించిన డబ్బు వాడేసుకుంటే భారతీయ న్యాయ సంహిత 316వ సెక్షన్ కింద క్రిమినల్ కేసు, మొదటి నుంచీ మోసం చేసే ఉద్దేశమే ఉంటే 318. కౌన్సిల్ ఫిర్యాదు నడుస్తుండగానే ఇవి వేసుకోవచ్చు, ఒకదాని కోసం మరొకటి ఆగనవసరం లేదు.

కొత్తగా నల్లకోటు వేసుకునేవాళ్లకు

ఎన్‌రోల్‌మెంట్‌కు చట్టం చెప్పిన ఫీజు 750 రూపాయలు, ఎస్సీ, ఎస్టీలకు 125. అంతకు మించి రకరకాల పేర్లతో కౌన్సిళ్లు వసూలు చేయకూడదని 2024 జూలై 30న సుప్రీంకోర్టు చెప్పింది. స్టాంపు డ్యూటీ ఉంటే అది వేరు. జీతానికి పూర్తికాల ఉద్యోగం చేస్తూ ప్రాక్టీసు చేయడం కుదరదు. ఉద్యోగంలో చేరితే కౌన్సిల్‌కు తెలిపి ప్రాక్టీసు నిలిపేసుకోవాలి, ఈ ఒక్క కాగితం ఇవ్వక తర్వాత జడ్జి పోస్టుకు ప్రాక్టీసు ఏళ్లు లెక్కేసే దగ్గర చిక్కుల్లో పడతారు. ఆలిండియా బార్ పరీక్ష ఎన్‌రోల్ అయ్యాక రెండేళ్లలోపు పాసవ్వాలి. వేరే రాష్ట్రం రోల్‌లో పేరుండి హైదరాబాద్‌లో స్థిరపడ్డవాళ్లు 18వ సెక్షన్ కింద పేరు మార్పించుకోవచ్చు, బదిలీకి ఫీజు లేదు. రెండు రాష్ట్రాల రోల్స్‌లో పేరు ఉండకూడదు.

వకీలును పెట్టుకునేటప్పుడు, పెట్టుకోలేనప్పుడు

ఖాళీ వకాలత్ మీద, తెల్లకాగితాల మీద సంతకాలు పెట్టకండి. ఫీజు మొత్తం ఎంత, అందులో కోర్టు ఫీజు ఎంత, టైపింగు, గుమాస్తా ఖర్చులు ఎవరివి అన్నది ఒక వాట్సాప్ మెసేజీగానైనా రాయించుకోండి. యూపీఐలో పంపేటప్పుడు నోట్ గడిలో కేసు నంబరు కొట్టండి. ఇంటి దస్తావేజుల ఒరిజినల్స్ ఇస్తే ఏమేం ఇచ్చారో జాబితా రాసి సంతకం తీసుకోండి. ఇలా అడిగితే వకీలు సాబ్ నొచ్చుకుంటారేమో అని మొహమాటపడతారు. పద్ధతిగా ప్రాక్టీసు చేసేవాళ్లు నొచ్చుకోరు, క్లయింట్ల డబ్బుకు లెక్కలు రాయాలన్నది వాళ్ల నిబంధనల్లోనే ఉంది.

ఫీజు ఇచ్చుకోలేనివాళ్లు పురానీ హవేలీలోని న్యాయ సేవా సదన్‌కు వెళ్లాలి, తెలంగాణ రాష్ట్ర న్యాయ సేవాధికార సంస్థ అక్కడే. ఫోన్‌లో అయితే 15100. ఆడవాళ్లకు, పిల్లలకు, ఎస్సీ, ఎస్టీలకు, దివ్యాంగులకు, పరిశ్రమల కార్మికులకు, కస్టడీలో ఉన్నవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా వకీలును ఇస్తారు; మిగతావాళ్లకు ఆదాయ పరిమితి ఉంటుంది. ఆధార్, కులం లేదా ఆదాయం సర్టిఫికెట్, కేసు కాగితాల కాపీలు పట్టుకెళ్లండి. అలా వచ్చిన వకీలు డబ్బు అడిగినా, వాయిదాలకు రాకపోయినా ముందు అదే సంస్థకు రాతపూర్వకంగా చెప్పండి, వేరే వకీలును కేటాయించడం వాళ్ల చేతిలోనే ఉంది.